తెల్ల పళ్ళెంలో పెరుగన్నం

చూపు తక్కువగా ఉన్న పిల్లలు బడిలో పడే ఇబ్బందులు అన్నీ అక్షరం చిన్నదైనందుకు వచ్చేవి కావు. అది వెనకున్న రంగులో కలిసిపోయినందుకు వచ్చేవీ చాలా ఉన్నాయి. ఎంత మసకను కన్ను పట్టుకోగలదో కొలిచే పరీక్ష ఉంది. పది నిమిషాల్లోపు అయిపోతుంది. అయినా మన బడిపిల్లల్లో ఎక్కువమంది ఫైళ్ళలో ఆ అంకె కనిపించదు.

బ్రష్ మీద పేస్టు నీ అంతట నువ్వు పెట్టుకోగలవా? రూపాయి బిళ్ళేదో, రెండు రూపాయల బిళ్ళేదో చూసి చెప్పగలవా? మొదటి బెంచీలో కూర్చుంటే బోర్డు మీదిది చూసి రాసుకోగలవా? పళ్ళెంలో ఏది ఎక్కడుందో కనిపిస్తుందా?

కంటి ఆస్పత్రిలో అడిగే ప్రశ్నల్లా లేవు కదా! కానీ అక్కడివే. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో విజయ గోత్వాల్ బృందం లో విజన్ (అద్దాలు పెట్టినా సరికాని తక్కువ చూపు) ఉన్న బడిపిల్లల కోసం ఒక ప్రశ్నావళి తయారుచేసి 2003లో ప్రచురించింది. అందులో 19 ప్రశ్నలు. పై నాలుగూ వాటి సారాంశమే. విదేశాల్లో వృద్ధుల కోసం తయారైన ప్రశ్నావళులు కారు నడపడం గురించీ, చెక్కు రాయడం గురించీ అడుగుతాయి. మన పిల్లలు చేసే పనులు వేరు కాబట్టి ఇక్కడి ఇళ్ళనూ బళ్ళనూ దృష్టిలో పెట్టుకుని ఈ ప్రశ్నలు రాసుకున్నారు.

వాటిని మరోసారి చదవండి. తెల్ల బ్రష్ మీద తెల్ల పేస్టు. స్టీలు బిళ్ళ మీద అదే స్టీలులో పైకి తేలిన అంకె. సుద్దపొడి రుద్దుకుపోయి బూడిదరంగుకు తిరిగిన నల్లబోర్డు. తెల్ల పళ్ళెంలో పెరుగన్నం. వీటిలో చిక్కు వస్తువు చిన్నదవడం వల్ల వచ్చింది కాదు. వస్తువుకూ దాని వెనకున్నదానికీ మధ్య తేడా చాలక వచ్చింది. ఆ తేడాను పసిగట్టే శక్తినే కంటివైద్యులు కాంట్రాస్ట్ సెన్సిటివిటీ అంటారు.

ఇద్దరిదీ 6/24

గోడకు తగిలించిన చార్టు, పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. ఈ పద్ధతికి మూలపురుషుడు నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ నగరపు కంటి డాక్టరు హెర్మన్ స్నెల్లెన్. 1862 నుంచి ప్రపంచం అదే దారిలో నడుస్తోంది. మామూలు కన్ను 24 మీటర్ల దూరం నుంచి చదివే వరుసను 6 మీటర్ల దగ్గర నిలబడితే గానీ చదవలేని కన్ను 6/24. మంచి కొలతే, కాదనను. కానీ ఆ చార్టు మీద ప్రతి అక్షరమూ తెల్లటి తెలుపు మీద చిక్కటి నలుపు. పిల్లాడి వినికిడిని మైకులో అరిచి పరీక్షించి, గుసగుసలు వినిపిస్తాయో లేదో అడగకుండా పంపేసినట్టు ఉంటుంది వ్యవహారం.

ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరున్నారనుకుందాం. ఇద్దరి సర్టిఫికెట్‌లోనూ 6/24 అనే ఉంది. ఒకరికి పుట్టుకతోనే కళ్ళు నిలకడగా ఉండవు, అటూ ఇటూ ఊగుతుంటాయి. రెండో పిల్లకు పసితనంలో వచ్చిన గ్లకోమా వల్ల కంటి నరం దెబ్బతింది. మొదటివాడు బోర్డుకు దగ్గరగా జరిగితే చదివేస్తాడు. రెండో అమ్మాయి బోర్డు ముందే నిలబడ్డా కొత్త సుద్దతో రాసినదే కనిపిస్తుంది, నిన్నటిది సగం చెరిపి దాని మీద రాసినది కనిపించదు. మబ్బు పట్టిన రోజున అదీ లేదు. మెట్లు ఎక్కుతుంది కానీ దిగేటప్పుడు ఆగిపోతుంది. ఎందుకంటే పైనుంచి చూస్తే సిమెంటు మెట్టు అంచు కింది సిమెంటులో కలిసిపోతుంది.

ఇక్కడే ఆ పిల్ల మీద ఒక నింద పడుతుంది. ఆస్పత్రి చార్టు మీద ఫలానా వరుస దాకా చదివిందట, మరి మెట్ల దగ్గర ఈ తడుముకోవడం ఏమిటి? పొద్దున కనిపించింది సాయంత్రం కనిపించదా? నాటకం కాకపోతే! లో విజన్ పిల్లల తల్లిదండ్రులను కదిలిస్తే ఈ మాట ఎక్కడో ఒకచోట వినపడుతుంది. బడిలోనే కాదు, చుట్టాల ఇళ్ళలో కూడా. ఎదురుపడినా పలకరించని పిల్లకు పొగరు అని పేరు పెడతారు. మనిషి ముఖంలో నల్లటి గీతలేమీ ఉండవు. చెంపకూ ముక్కుకూ మధ్య, పెదవికీ చర్మానికీ మధ్య ఉన్నవన్నీ లేత నీడలు. అవి అందని కంటికి ఎదుటివాళ్ళు నవ్వుతున్నారో చిరాకు పడుతున్నారో తెలియదు. తోటిపిల్లల చిరునవ్వు అందకపోవడం లెక్కల మార్కులు తగ్గడం కంటే పెద్ద నష్టమని నా అభిప్రాయం. దాన్ని మాత్రం ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ రాయరు.

టీవీ ఇంజనీరు నుంచి కంటి గదిలోకి

ఈ కొలత మొదలైంది కంటి డాక్టర్ల దగ్గర కాదు. అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీలో టీవీ తెరల మీద పనిచేసిన ఇంజనీరు ఓటో షేడ్, ఎంత లేత చారలను కన్ను పట్టుకోగలదో కొలిచి 1956లో ప్రచురించాడు. తెరను బాగుచేయాలంటే ముందు కంటికి ఏం కావాలో తెలియాలి కదా! ఆ తర్వాత ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు ఫెర్గస్ క్యాంప్‌బెల్, జాన్ రాబ్సన్ 1968లో రాసిన పరిశోధనా పత్రంతో ఇది దృష్టి శాస్త్రంలో పెద్ద విషయమైంది. మరీ లావు చారలకూ, మరీ సన్న చారలకూ కంటికి నలుపు ఎక్కువ కావాలి. మధ్యరకం చారలను మాత్రం చాలా లేతగా ఉన్నా పట్టేస్తుంది.

1982లో ఆర్థర్ గిన్స్‌బర్గ్, ఆయన సహచరులు అమెరికా వైమానిక దళ పైలట్ల మీద చేసిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. విమానం సిమ్యులేటర్‌లో లక్ష్యాన్ని ఎవరు ముందు గుర్తిస్తారో మామూలు చార్టు కంటే కాంట్రాస్ట్ పరీక్షే బాగా చెప్పింది. పైలట్లకు పనికొచ్చిన కొలత బడిపిల్లల దాకా రావడానికి చారల యంత్రాలు అడ్డం. అవి ఖరీదు, పైగా పరీక్ష సుదీర్ఘం.

ఆ అడ్డు 1988లో తొలగింది. డెనిస్ పెల్లి, జాన్ రాబ్సన్, ఆర్నాల్డ్ విల్కిన్స్ ముగ్గురూ కలిసి గోడకు తగిలించే చార్టు చేశారు. స్నెల్లెన్ పద్ధతిని వాళ్ళు తలకిందులు చేశారు. అక్షరాలన్నీ ఒకే సైజు, దాదాపు 5 సెంటీమీటర్ల ఎత్తు. మారేది నలుపు మాత్రమే. వరుసకు ఆరు చొప్పున ఎనిమిది వరుసలు, మొత్తం 48 అక్షరాలు. ప్రతి మూడు అక్షరాలకూ ఒకసారి నలుపు సుమారు 30 శాతం తగ్గుతుంది. మొదటి మూడూ కాటుకలా ఉంటాయి. చివరి మూడింటికీ కాగితానికీ తేడా ఒక శాతం కూడా ఉండదు.

తెల్లగా ఉంది, ఏమీ లేదు మేడమ్

పరీక్ష ఇలా సాగుతుంది. పిల్లను చార్టుకు మీటరు దూరంలో కూర్చోబెడతారు. అద్దాలుంటే పెడతారు. శుక్లాల ఆపరేషన్ అయిన పిల్లలకు ఆ మీటరు దూరానికి సరిపడా పవరు కూడా కలుపుతారు, లేకపోతే మసకబారిన చూపును కాంట్రాస్ట్ లోపమని రాసుకునే ప్రమాదం ఉంది. వెలుతురు చార్టు మీద అంతటా సమానంగా పడాలి. కిటికీ మెరుపు, ట్యూబులైటు ప్రతిబింబం ఉండకూడదు. ఒక్కో కన్ను, తర్వాత రెండూ కలిపి.

మొదటి వరుసలు చకచకా సాగిపోతాయి. ఎక్కడో ఒకచోట పిల్ల ఆగి అంటుంది:

‘‘ఇక్కడంతా తెల్లగా ఉంది, ఏమీ లేదు మేడమ్.’’

‘‘ఉంది తల్లీ. తొందరేం లేదు. చూస్తూనే ఉండు.’’

నేర్పున్న ఆప్టోమెట్రిస్టు ఇక్కడే తెలిసిపోతారు. చాలా లేత అక్షరం వెంటనే దొరకదు. పది, ఇరవై సెకన్లు చూస్తూ ఉంటే కాగితంలోంచి మెల్లగా పైకి తేలుతుంది. బయట క్యూ పెద్దదిగా ఉందని తొందరపెడితే పిల్ల మార్కు నిజం కంటే తక్కువ పడుతుంది. అనుమానంగా ఉన్నా ఊహించి చెప్పమంటారు. మూడు అక్షరాల్లో రెండు సరిగ్గా చెబితే ఆ మెట్టు దాటినట్టే. ఆగిన మెట్టు దగ్గర రాసే అంకెను లాగ్ లెక్కలో ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులు సాధారణంగా 1.8 దాటతారు, అంటే రెండు శాతం కంటే తక్కువ తేడా కూడా వాళ్ళకు అందుతుంది. 1.5 కంటే తగ్గితే లోపం ఉన్నట్టు. 1.0 అంటే పది శాతం తేడా ఉంటే గానీ కనిపించదు. ఆ స్థాయికి పడితే రోజువారీ పనులన్నీ చిక్కే.

ఇంగ్లిషు అక్షరాలు తడుముకునే చిన్నపిల్లల సంగతి? ఫిన్లండ్‌కు చెందిన పిల్లల కంటివైద్యురాలు లియా హివారినెన్ ఇల్లు, యాపిల్, గుండ్రం, చదరం బొమ్మలతో చార్టులు చేసి పెట్టారు. వాటిలో లేత బొమ్మలవీ ఉన్నాయి. పేరు చెప్పలేకపోయినా చేతిలోని కార్డులో అలాంటి బొమ్మను చూపిస్తే చాలు. మాటలు రాని పసివాళ్ళ కోసం ఆమె చేసిన హైడీ కార్డుల మీద నవ్వుముఖం ఉంటుంది. ఒక కార్డు ఖాళీ, ఒక దాని మీద ముఖం. రెండింటినీ చెరోపక్కకు జరిపితే పాప చూపు ముఖం ఉన్న వైపు తిరుగుతుంది. 100 శాతం నుంచి 1.25 శాతం దాకా ముఖం లేతబారుతూ పోతుంది. పాప ఏ కార్డు దగ్గర తిరగడం మానేసిందో చూస్తే, అమ్మ ముఖం ఆ పాపకు ఎంత దూరం నుంచి అర్థమవుతుందో అంచనా వేయొచ్చు. ఊళ్ళకు తీసుకెళ్ళడానికి మార్స్ చార్టు అనే చిన్న కార్డు ఉంది. అరమీటరు దూరంలో చేత్తో పట్టుకుని చదివించవచ్చు.

చార్టును ఫోన్‌లో ఫొటో తీసుకుని అదే చూపిస్తే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. సరిపోదు. మామూలు తెర తెలుపు నుంచి నలుపు దాకా 256 మెట్లే చూపగలదు. తెలుపు నుంచి ఒక్క మెట్టు దిగితేనే వెలుతురు ఇంచుమించు ఒక శాతం తగ్గిపోతుంది. చార్టు చివరి అక్షరాలు అంతకంటే లేత. జిరాక్సు సంగతి చెప్పనే అక్కర్లేదు. అసలు చార్టే వేలిముద్రలు పడినా, ఎండ తగిలి పసుపెక్కినా అబద్ధం చెబుతుంది.

ఆ అంకె టీచరుకు చెప్పేది

ఆస్పత్రి కాగితంలో 1.05 అని రాసి ఇస్తే తల్లిదండ్రులు ఏం చేసుకోవాలి? ఇక్కడో లెక్క ఉంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ లెక్కలోనే ఉంది.

1.05 అంటే ఆ పిల్లకు సుమారు తొమ్మిది శాతం తేడా కావాలి. శుభ్రంగా అచ్చయిన పుస్తకంలో సిరాకూ కాగితానికీ తేడా 90 శాతం అనుకుందాం. తొంభైని తొమ్మిదితో భాగిస్తే పది. అవసరమైనదానికి పది రెట్లు ఉందన్నమాట. దీన్ని కాంట్రాస్ట్ రిజర్వ్ అంటారు. సాఫీగా చదవడానికి కనీసం పది రెట్లు ఉండాలని స్టీఫెన్ విటేకర్, జాన్ లవీ-కిచిన్ 1993లో చెప్పారు. మూడు రెట్లే ఉంటే ధర చీటీ, మందు పేరు లాంటి ముక్కలు కూడబలుక్కోవచ్చు, అంతే. ఇప్పుడు అదే పాఠాన్ని టోనరు అయిపోవచ్చిన మిషన్ మీద జిరాక్సు తీసి ఇచ్చారనుకోండి. తేడా 40 శాతానికి పడిందనుకుంటే రిజర్వ్ నాలుగున్నర కూడా లేదు. ఉదయం పుస్తకంలో గడగడా చదివిన పిల్ల మధ్యాహ్నం ప్రశ్నపత్రం ముందు నత్తినత్తిగా చదువుతుంది. పాఠం అదే, అక్షరం సైజు అదే. పక్కనున్న పిల్లకు ఏ తేడా తెలియదు, ఎందుకంటే 1.8 ఉన్న కంటికి అదే జిరాక్సులో పాతిక రెట్లు రిజర్వ్ మిగిలే ఉంటుంది.

చదవడానికీ కాంట్రాస్ట్‌కూ ఉన్న లంకెను ఏళ్ళ తరబడి కొలిచిన వాళ్ళలో ముఖ్యుడు మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ లెగ్. మామూలు చూపువాళ్ళకు అచ్చు నలుపు పదోవంతుకు పడిపోయినా చదివే వేగం పెద్దగా తగ్గదని 1987లో ఆయన బృందం చూపించింది. జిరాక్సు ఇచ్చే టీచరుకు ఇబ్బంది ఎందుకు కనబడదో అందులోనే ఉంది. లెగ్ స్వయంగా చిన్నప్పటి నుంచీ లో విజన్ ఉన్న మనిషి.

తెలుగు లిపి దగ్గరికి వస్తే ఇంకో చిక్కు. ద-ధ, ప-ఫ, చ-ఛ జంటల మధ్య తేడా కిందనుండే ఒక్క చిన్న గీత. ఒత్తులు అక్షరం కింద కుదించుకుని కూర్చుంటాయి. అక్షరం ఒళ్ళు కనిపించినా ఈ పోచల్లాంటి గీతలు ముందు మాయమవుతాయి, ఎందుకంటే సన్నని గీతలకు కంటికి మరింత నలుపు కావాలి. చార్టు అక్షరాలు అయిదు సెంటీమీటర్లవన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. పాఠ్యపుస్తకంలోని ఒత్తు దగ్గర పిల్ల పరిస్థితి చార్టు చెప్పినదానికంటే కష్టంగానే ఉంటుంది.

అందుకే ‘పెద్దక్షరాల పుస్తకం ఇచ్చాం, ఇంకేం కావాలి’ అన్న మాట సగం నిజమే. లేత బూడిదరంగు అక్షరాన్ని భూతద్దంతో చూస్తే పెద్ద బూడిదరంగు అక్షరం అవుతుంది. నలుపు పెరగదు. నలుపును పెంచగలిగేది కెమెరా, తెర ఉన్న వీడియో మాగ్నిఫయర్. అది లేకపోతే ఫోన్. నల్ల తెర మీద తెల్ల అక్షరాలుగా తిప్పే సౌకర్యం మామూలు ఫోన్లలోనూ ఉంది. కార్నియా మచ్చలు, శుక్లాల వంటివాటితో కన్ను లోపల మబ్బుగా ఉన్నవాళ్ళు ఇలా తిప్పినప్పుడే వేగంగా చదువుతారని లెగ్, పెల్లి ప్రభృతులు 1985లోనే గమనించారు. తెల్ల కాగితం నుంచి వచ్చే వెలుగు ఆ మబ్బులో చెదిరి అక్షరం మీద పరుచుకోవడమే కారణం.

చట్టంలో రెండే కొలతలు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో లో విజన్‌కు నిర్వచనం ఉంది. మంచి కంటికి అద్దాలు పెట్టాక కూడా చూపు 6/18 మించకుండా 3/60 దాకా ఉండాలి, లేదా చూపు పరిధి 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల దాకా ఉండాలి. ఎంత చిన్నది కనిపిస్తుంది, ఎంత మేర కనిపిస్తుంది అన్నవి రెండే అడిగారు. ఎంత మసక కనిపిస్తుందని అడగలేదు. సర్టిఫికెట్ శాతం, పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం లాంటివన్నీ ఆ రెండు కొలతల మీదే నడుస్తాయి. తెలంగాణలో 2018లో మొదలైన కంటివెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో బడిపిల్లలతో మొదలుపెట్టిన కంటివెలుగు లక్షలమందికి అద్దాలు ఇచ్చాయి. అది గొప్ప పనే. అద్దాలతో సరికాని పిల్లల సంగతి మాత్రం వేరే.

మూడో కొలతను చట్టంలో చేర్చాలన్న వాదన న్యాయమైనదే. అయితే శాతాల లెక్క తేలేదాకా బడి ఆగక్కర్లేదని నాకనిపిస్తుంది. సర్టిఫికెట్‌లోని 6/24 టీచరుకు చెప్పేది ఒక్కటే: ముందు బెంచీలో కూర్చోబెట్టు. కాంట్రాస్ట్ అంకె అలా కాదు. గదిలో ఏం మార్చాలో చెబుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఐఈఆర్పీలు (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లు) ఉన్నారు. ఆ అంకె ఆస్పత్రి ఫైలులో కాకుండా వాళ్ళ చేతుల్లో, క్లాస్ టీచరు చేతుల్లో ఉండాలి.

మార్చాల్సినవాటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. బోర్డును తడిగుడ్డతో తుడవాలి, పొడి డస్టరు సుద్దను పూర్తిగా తీయదు, బోర్డంతా పూస్తుంది. పాతకాలపు పల్లెబడుల్లో పిల్లలు బొగ్గూ ఆకు పసరూ నూరి బోర్డుకు రుద్దేవారు. అది చాకిరీ అనుకున్నాం కానీ కాంట్రాస్ట్‌ను నిలబెట్టిన పని అదే. మెరిసే తెల్లబోర్డు మీద అయిపోవచ్చిన ఎర్ర మార్కరు కంటే ఆ బోర్డు వెయ్యిపాళ్ళు నయం. డిజిటల్ ప్యానెల్ వచ్చాక లేత పసుపు మీద తెల్ల అక్షరాల స్లైడులు చూపించే ఉత్సాహం మొదలైంది, దాన్ని కాస్త అదుపులో పెట్టుకోవాలి. పిల్లకు పెన్సిల్ బదులు నల్ల జెల్ పెన్నో సన్న స్కెచ్ పెన్నో, ముదురు గీతల నోటుబుక్కు. నల్ల అట్టలో వరుస పట్టేంత సందు కోసి ఇస్తే చుట్టూ ఉన్న కాగితం మెరుపు పోయి ఆ ఒక్క వరుసే నిలుస్తుంది. కిటికీ వీపు వెనక ఉండాలి, ఎదురుగా కాదు. మెట్ల అంచులకు వెడల్పాటి పసుపు పెయింటు గీత. మధ్యాహ్న భోజనానికి ముదురురంగు పళ్ళెం. పసుపు అద్దాలు కొందరికి నప్పుతాయి, కొందరికి నప్పవు. పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చార్టు చదివిస్తే తేలిపోతుంది. అల్బినిజం ఉన్న పిల్లలకు ముందు ఎండ మెరుపు తగ్గించే టోపీ, రంగుటద్దాలు కావాలి. ఆరుబయట వాళ్ళ కాంట్రాస్ట్‌ను తినేసేది ఆ మెరుపే.

ఇవన్నీ అందరికీ ఒకేలా చేయమని కాదు. 1.5 ఉన్న పిల్లాడికి నల్ల పెన్ను చాలు. 0.6 ఉన్న పిల్లకు పాతిక శాతం తేడా ఉంటే గానీ పెద్ద అక్షరమైనా కనిపించదు, అచ్చుపుస్తకంతో కుస్తీ పట్టించడం కంటే ఆడియో పాఠాలూ బ్రెయిలూ తోడివ్వడం మేలు. ఎవరు ఏ వైపో తెలియాలంటే కొలవాలి.

ఒకసారి కొలిస్తే చాలదు కూడా. రెటినైటిస్ పిగ్మెంటోసా, గ్లకోమా లాంటి జబ్బుల్లో 6/24 అలాగే నిలిచి ఉండగానే కాంట్రాస్ట్ జారిపోతూ ఉండవచ్చు. మేనరికపు పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉన్నచోట వంశపారంపర్యంగా వచ్చే ఇలాంటి జబ్బులు ఎక్కువ కాబట్టి మన దగ్గర ఇది మరీ ముఖ్యం. ఏడాదికోసారి అదే రకం చార్టు, అదే వెలుతురు, అదే దూరం. వేసవి సెలవుల్లో చేయిస్తే జూన్‌లో బడి తెరిచేసరికి కాగితం కొత్త క్లాస్ టీచరుకు చేరుతుంది. పై తరగతికి వెళ్ళాక గదీ మారుతుంది, బోర్డూ మారుతుంది. మొదటి పరీక్ష పెట్టేలోగా ఆ బోర్డు మీద ఆ పిల్లకు ఏం కనిపిస్తోందో టీచరు తెలుసుకోవచ్చు.